పోలమ్మ కనుబొమ్మ

పోలమ్మ నోటికి గిలకలదిండి రేవంతా జడుస్తుంది. ఐసు బండివాడు ఒక గడ్డ తక్కువ వేస్తే వాడి ఏడు తరాలనూ పేరుపేరునా పిలిచి దులిపేస్తుంది. అంత నోరున్న మనిషి చేపల వేలం దగ్గర మాత్రం పెదవి విప్పేది కాదు. పాట సాగుతుంటే ఎడమ కనుబొమ్మ ఎత్తేది. ధర ఒక మెట్టు పెరిగేది. దించిందంటే వదులుకున్నట్టు.

ఎందుకలాగంటే, పోటీకి నిలబడేది పరాయివాళ్ళు కాదు మరి. తోటికోడలు, ఆడపడుచు, మేనత్త కూతురు. నోరు విప్పి వాళ్ళ మీద పాట పెంచితే ఆ తగువు ఇంట్లో పొయ్యి దాకా వస్తుంది. మిగతా ఆడవాళ్ళు ఆ తగువులు పడుతూనే గట్టిగా పాడేవారు. పోలమ్మ ఒక్కతే కనుబొమ్మతో గెలిచి, ఏమీ ఎరగనట్టు తట్ట నెత్తికెత్తుకునేది.

వేలం పాడించేది పెద్దిరాజు. పెళ్ళి కాకముందు ఓ చందువా చేపల కుప్ప దగ్గర మొదటిసారి ఆ కనుబొమ్మను చూశాడు. కుప్ప పాట ఆమె పేరున కొట్టేసి, ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో, "చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానమ్మా" అన్నాడట. పెళ్ళయ్యాక కూడా ధర ఒక్క మెట్టు తగ్గించి ఇవ్వలేదు మహానుభావుడు! కానీ ఎంత గుంపులో ఉన్నా, ఎంత గోలలో ఉన్నా ఆమె కనుబొమ్మ కదిలితే అతనికి తెలిసేది. ఆహా, ఏం రోజులవి! ఇప్పటికీ చేపలు కడుగుతూ ఆ రోజులే తలుచుకుంటుంది.

పెద్దిరాజు పోయాక, అతని దగ్గర పని నేర్చిన మోహన్ పాట పాడిస్తున్నాడు. అప్పటినుంచే పోలమ్మకు కుప్పలు దక్కడం మానేశాయి. ఆమె కనుబొమ్మ ఎత్తుతుంది, సరుకు ఇంకొకరికి పోతుంది. "చూడలేదత్తా" అంటాడు వాడు. చివరికి తోటికోడలు రత్నం అద్దం తెచ్చి ముందు పెట్టింది.

"నీ కనుబొమ్మలు కళ్ళ మీదకి జారిపోయాయక్కా. ఎత్తాననుకోవడమే గానీ, అవెక్కడ లేస్తున్నాయి?"

నిజమే. నుదురు దిగిపోయి రెప్పల మీద మడత పడింది. ఎదుటి మనిషిని చూడాలన్నా గడ్డం పైకెత్తాల్సి వస్తోంది. ఇలాగే సాగితే రేపోమాపో రత్నం దగ్గరే చేపలు కొనుక్కుని అమ్ముకోవాలి. అంతకన్నా చావు నయమనుకుంది పోలమ్మ.

కూతురు దుర్గ గుడివాడలో ఓ ఆసుపత్రిలో నర్సు. "కనుబొమ్మలు ఎత్తే ఆపరేషనుందమ్మా. సినిమావాళ్ళే కాదు, చూపుకి అడ్డమొస్తే మనలాంటివాళ్ళూ చేయించుకుంటారు" అని విజయవాడలో ఓ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"జారింది రెప్పా, నుదురా అన్నది ముందు తేల్చాలండీ" అంటూ డాక్టరమ్మ బొటనవేలితో పోలమ్మ కనుబొమ్మను పైకి నెట్టి పట్టుకుని అద్దం చూపించింది. అద్దంలో పెద్దిరాజు మనసు పడ్డ పిల్ల కనిపించింది. పోలమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఇంకాసేపు అలాగే పట్టుకోండమ్మా" అంది.

డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. జుట్టు చాటున చిన్న కోతలు పెట్టి నుదుటిని పైకి లాగి నిలబెడతారు. మొహం వాస్తుంది, కళ్ళ కింద నల్లబడుతుంది. నుదురు కొన్ని నెలలు మొద్దుబారి ఉండొచ్చు. రెండు కనుబొమ్మలూ అచ్చంగా ఒక ఎత్తున రాకపోవచ్చు. వయసు ఆగదు కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ కొంత జారుతుంది. కొన్ని వారాలు నెత్తి మీద తట్ట పెట్టకూడదు. చుట్ట కాల్చడం ముందునుంచే మానాలి, లేకపోతే గాయం సరిగ్గా మానదు.

చుట్ట మాట దగ్గర పోలమ్మ ప్రాణం ఉసూరుమంది. అయినా అడిగింది ఒక్కటే. "కనుబొమ్మ కదులుద్దా?"

"చాలామందికి కదులుతుందండీ. నరానికి దెబ్బ తగిలితే కదలకపోవచ్చు. అరుదే, కానీ జరగదని మాత్రం చెప్పను."

అక్కడే ఆపరేషనైంది. "ముసలితనంలో సోకులు!" అని రేవులో నవ్వారు. పోలమ్మ తల కింద దిళ్ళు ఎత్తు పెట్టుకుని పడుకుంది, చుట్ట కోసం అల్లాడింది. దువ్వెన తగిలితే ఎవరి తలో దువ్వుతున్నట్టుండేది. వాపు తీశాక అద్దం ముందు నిలబడి ఎడమ కనుబొమ్మ ఎత్తింది. లేచింది! చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకుంది.

డాక్టరమ్మ సరేనన్నాక రేవుకెళ్ళి ముందు వరసలో నిలబడింది. పండుగప్పల కుప్ప పాటకొచ్చింది. కనుబొమ్మ ఎత్తింది. మోహన్ అరిచేవాళ్ళ వైపే చూస్తున్నాడు. ఇంకా ఎత్తింది. ఈసారి వాడు ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"భలే ఉన్నావత్తా! పదేళ్ళు తగ్గిపోయావు" అని నవ్వి, కుప్ప రత్నానికి కొట్టేశాడు.

పోలమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. వాడు చూశాడు. లేచిన కనుబొమ్మనే చూశాడు. అందులో వాడికి ధర కనబడలేదు. పాపం, వాడి తప్పేముంది? ఇన్నాళ్ళూ నేరం కనుబొమ్మదే అనుకుంది పిచ్చిది. దాన్ని చదివే మనిషే లేడు. పెద్దిరాజు పోయిన రోజు కూడా రానంత దుఃఖం ఇప్పుడు తన్నుకొచ్చింది.

తర్వాత కానాగంతల కుప్ప వచ్చింది. రత్నం ధర పాడింది. పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, జన్మలో మొదటిసారి వేలంలో నోరు విప్పి, ఆ ధర మీద పాట పెంచింది.

"ఎవరా పాడింది?" అన్నాడు మోహన్, ఆమె తల మీదుగా వెనక గుంపులో వెతుక్కుంటూ.

"నేనేరా!" అంది పోలమ్మ. "పెద్దిరాజు పెళ్ళాన్ని."