చీలమండలో స్క్రూలు

మేము పటాన్‌చెరులో కిరాయికి ఉంటున్న రోజులవి. గడ్డపోతారం ఫ్యాక్టరీలో డ్రమ్ము పడి మావారి చీలమండ నలిగింది. ఏళ్లు గడిచినా అడుగు వేస్తే ప్రాణం పోయేంత నొప్పి. కీలు కదలకుండా ఎముకల్ని అతికించాలని డాక్టరు ఆపరేషన్ చేశారు.

కట్టు మార్చేటప్పుడు చూసి నిర్ఘాంతపోయాను. పెద్ద కోతే లేదు, నాలుగు చిన్న కుట్లు తప్ప!

"ఏంది సార్, గింతేనా? ఆపరేషన్ చెయ్యకుండనే చేసినమంటున్రా?" అని వార్డంతా వినపడేలా అరిచాను.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించారు. ఎముకల్లోంచి దూసుకుపోయిన, వేలంత పొడవు స్క్రూలు! కళ్లు తిరిగి కూలబడ్డాను.

"సిస్టర్, నా కాలు మంచిగనే ఉంది, జెర ఆమెను సూడుండ్రి!" అని మావారు మంచం మీంచి కేకేశారు.

ఆ చీలమండ ఇక వంగదు, నొప్పీ లేదు. కర్ర లేకుండా ఆయన సంగారెడ్డి బస్సెక్కుతుంటే సంతోషమే. కానీ లోపలున్నవి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.