రేకుల షెడ్డు పాట

ఖతార్‌లో మాకు సెలవు శుక్రవారం. ఆ పొద్దున చర్చికి బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. మా గిటారు మాస్టారు పోయారు. దోహా ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందట.

గోదావరి జిల్లా మనిషి. పగలు అల్ ఖోర్ ఊళ్ళో పైపుల వర్క్‌షాపు సూపర్‌వైజరు, సాయంత్రాలు మా నలుగురికీ గురువు. మాలో ఎవరి తీగ తెగినా తన గిటారు తీగ విప్పి ఇచ్చేసేవారు.

ఆయనకు ఒక అమెరికన్ బ్యాండ్ అంటే ప్రాణం. గిటార్లలో యంత్రాల చప్పుళ్ళు కలిపి వాయించే మెటల్ బ్యాండ్. దాని కథ సొంత అన్నదమ్ముల కథలా చెప్పేవారు. కార్ల షెడ్డులో మొదలై ఊరూరా మోగిపోవడం, గాయకుడు అలిగి వెళ్ళిపోవడం, రికార్డు కంపెనీ వదిలేయడం, అంతా చెదిరిపోవడం. ఏళ్ళ తర్వాత, జుట్టు నెరిశాక మళ్ళీ కలిశారు.

"తమను చూసి నవ్వినవాళ్ళ మాటల్నే పాటలో కలిపేశారండీ! కోపాన్ని పారేసుకోకూడదు. శ్రుతి చేసుకోవాలి," అనేవారు.

ఒక క్రిస్మస్ సాయంత్రం తెలుగువారి సభలో మేమూ వాయించాం. వర్క్‌షాపులో మాస్టారు రికార్డు చేసిన గ్రైండరు రొద, సుత్తి దెబ్బలే మా తాళం. పాట సగంలో ఉండగా సభ కార్యదర్శి మా స్పీకర్లు ఆపించి మైకు అందుకున్నాడు.

"ఇది పాటా? రేకుల షెడ్డు చప్పుడా? దించండి వీళ్ళని!"

జనం గొల్లున నవ్వారు. మాస్టారు వైర్లు చుట్టుకున్నారు. ఆ కార్యదర్శిని ఈరోజుకీ క్షమించలేదు.

ఆ సభ వీడియో ఎవరో పంపారు. మాస్టారు అందులోంచి ఆ గొంతు కత్తిరించి, ప్రతి సుత్తి దెబ్బకూ "రేకుల షెడ్డు" అని పలికేలా కొత్త పాట కట్టారు.

"ఎప్పుడు వినిపిద్దాం సార్?" అని అడిగితే, "ఆయన ముందు వరుసలో కూర్చున్న రోజున," అని నవ్వేవారు. ఆ రోజు చూడకుండానే వెళ్ళిపోయారు.

సంతాప సభకు కార్యదర్శి వచ్చాడు. "మాస్టారి సంగీతాన్ని అందరికంటే ముందు గుర్తించింది నేనే," అని కళ్ళు తుడుచుకుని, ముందు వరుసలో కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా వంతు రాగానే ప్రసంగానికి బదులు ఆ పాట పెట్టాను.

తన గొంతు తనకే వినపడగానే ఆయన ముఖం మాడిపోయింది. వెనక వర్క్‌షాపు వాళ్ళు చప్పట్లతో దెబ్బ కలిపారు. "మల్లొక్కసారి పెట్టుండ్రి సారూ!" అని జగిత్యాల వెల్డరు అరిచాడు.

"సంతాప సభ ఇది! ఆపండయ్యా!" అన్నాడు కార్యదర్శి.

నేను ఆపలేదు. మాస్టారి భార్య లేచి నా వైపు వచ్చారు. ఆపమంటారేమోనని భయపడ్డాను. ఆమె సౌండు పెంచి, ఒక కుర్చీ లాక్కెళ్ళి, కార్యదర్శికి సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. పాట అయ్యేదాకా ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయారు.