రంగుల వారీగా సర్దిన పెట్టె

నా చిన్నప్పుడు నాకొక నోటుబుక్కు ఉండేది. అందులో జాబితాలు తప్ప ఇంకేమీ రాసేవాణ్ణి కాను. తార్నాక సిగ్నల్ దగ్గర ఆగే బస్సుల నంబర్లు, మా వీధిలో గేట్ల రంగులు, బంద్ వల్ల బడి మూసేసిన రోజులు. తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన ఏడాది అది. బంద్‌ల జాబితా మిగతా రెండింటినీ దాటి రెండో పేజీలోకి వెళ్లింది. నాలుగో జాబితా ఒకటి ఉండేది కానీ దాన్ని ఎవరికీ చూపించలేదు. దాని పేరు 'వెళ్లిపోవాల్సి వస్తే తీసుకెళ్లవలసినవి'.

మా అమ్మానాన్నలది కోస్తా. నాన్న ఉద్యోగం కోసం నేను పుట్టకముందే హైదరాబాదు వచ్చారు. రాష్ట్రం వేరైతే మన సంగతేమిటని ఇద్దరూ వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆ మాటలకన్నా గొంతు తగ్గించడమే నన్ను ఎక్కువ భయపెట్టేది. మామూలుగా మా నాన్న ఫోన్లో మాట్లాడితే పై అంతస్తుకి వినపడుతుంది. భయం వేస్తే నేను చేసే పని ఒక్కటే, సర్దడం. పెన్సిళ్లు పొడవు వారీగా, వంటింటి డబ్బాలు ఎత్తు వారీగా పెట్టేవాణ్ణి. కందిపప్పు ఎక్కడుందో దొరక్క అమ్మ తిట్టేది.

మా పక్క వాటాలో ఒక అక్క అద్దెకుండేది. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివి, అందులోనే పరిశోధన చేస్తుండేది. వాళ్ల ఊరు బొగ్గు దొరికే ప్రాంతంలో ఉంది. తండ్రి లేడు. తల్లి సొంత పొలం చేసుకుంటుంది, అన్న దగ్గర్లోని పాత బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. అక్క పొద్దున క్యాంపస్‌లో ఊరేగింపుకి వెళ్లి నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని, మధ్యాహ్నం మా ఇంటికొచ్చి చారు తాగేది.

"మీ రాష్ట్రం వస్తే మమ్మల్ని పంపించేస్తారుటమ్మా?" అని అమ్మ నవ్వుతూనే అడిగేది, కానీ చేతిలో గరిటె ఆగిపోయేది.

"ఏడికి పంపుతరు ఆంటీ! మిమ్మల్ని పంపిస్తే నాకు చారు ఎవలు వోస్తరు?" అని అక్క గిన్నె ముందుకు జరిపేది.

ఒకరోజు నా నాలుగో జాబితా అక్క కంటబడింది. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, నాన్న సర్టిఫికెట్లు, ట్రంకు పెట్టె తాళం, టార్చిలైటు, ఇలా మొత్తం పదకొండు. అమ్మకు చెప్పేస్తుందని నోటుబుక్కు లాక్కోబోయాను. ఆమె వేలు పెట్టి పదకొండూ చదివింది. తరువాత నా చేతిలో పెన్ను లాక్కుని పన్నెండో అంకె వేసి, 'ఆంటీ చారు గిన్నె' అని రాసింది. "అసలుది మర్చినవ్ రా తమ్మీ" అంది. ఎవరికీ చెప్పలేదు.

ఇల్లు వదలాల్సి వస్తుందేమోనన్న భయం ఆమెకూ ఉందని నాకు తెలిసింది ఆ రోజే. వాళ్ల ఊరి పక్కన కొత్తగా పెద్ద ఓపెన్ కాస్టు గని వస్తోంది. ఓపెన్ కాస్టు అంటే సొరంగం కాదు, బొగ్గు తగిలేదాకా నేలను పైనుంచే తవ్వుకుంటూ పోతారు. అది నాకు అర్థం కావాలని అక్క మా వంటింట్లో ఒక పళ్లెం నిండా ఉప్మా రవ్వ పోసింది. అంచు దగ్గర ఒక పల్లీ గింజ పెట్టి, "గిది మా ఇల్లు" అంది. చెంచాతో నడుమ గుంట తవ్వింది. లోతుకి పోయేకొద్దీ పక్కల నుంచి రవ్వ జారి, గుంట నోరు వెడల్పవుతూ వచ్చింది. చివరికి పల్లీ గింజ లోపలికి దొర్లిపోయింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

రాయి గట్టిదైతే గని గోడ నిటారుగా నిలబడుతుందట, అప్పుడు నోరు అంత వెడల్పు కానక్కరలేదు. రాయి మధ్యలో మెత్తటి బంకమన్ను పొర మందంగా ఉంటే గోడ జారుతుంది. అందుకని ఏటవాలుగా తవ్వాలి, నోరు వెడల్పు చేయాలి. వాళ్ల ఊరి వైపు నేలలో ఒక బోరు వేసి, లోపలి రాతిని గుండ్రటి కడ్డీలుగా బయటికి తీశారు. మన్ను అక్కడక్కడా పలచటి పొరలుగా ఉంటే గని హద్దు గీత ఇళ్లకు ఇవతలే ఆగుతుంది. ఒకే మందపు పొరగా ఉంటే మొదటి వరుస ఇళ్లు గీత లోపలికి వెళతాయి. మొదటి వరుసలో మూడోది వాళ్లది. ఆ కడ్డీలను చూసి ఏ లోతులో ఏముందో రాసే పని, ఆమెకు మార్గదర్శకుడైన సార్ ఆమెకే అప్పగించాడు. ఆ బోరు ఏ ఊరి పక్కదో ఆయన గుర్తించాడో లేదో నాకిప్పటికీ తెలియదు.

క్యాంపస్‌లో రోజూ గొడవలు అవుతున్నాయని, ఆ కడ్డీలున్న నాలుగు పెట్టెల్ని ఆమె ఆటోలో తన గదికి తెచ్చుకుంది. ఒక్కోటి ఇద్దరు పట్టుకుంటే గాని లేవని చెక్క పెట్టెలు. లోపల మణికట్టంత లావు రాతి ముక్కలు. పుస్తకంలో వరుసల్లాగా ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి పేర్చి ఉంటాయి. మధ్యమధ్య లోతు అంకెలు రాసిన చిన్న చెక్క దిమ్మెలు. మొదటి పెట్టె రాయడం అయిపోయింది. రెండోది మొదలుపెట్టబోతుండగా లోతుల వివరాలు రాసే రిజిస్టరు కోసం ఆమె క్యాంపస్‌కి వెళ్లాల్సివచ్చింది.

"గంటకోసారి గోనెగుడ్డ మీద నీళ్లు చల్లు. మన్ను ఎండితే పగులుతది. లోపల ముట్టకు" అని నాకు చెప్పి, తాళంచెవి ఇచ్చి వెళ్లింది.

ఆమె వెళ్లిన కాసేపటికే యూనివర్సిటీ వైపు నుంచి దబ్ దబ్‌మని చప్పుళ్లు మొదలయ్యాయి. బాష్పవాయువు గోళాలని అప్పటికి మా వీధిలో పిల్లలందరికీ తెలుసు. అమ్మ కిటికీలు మూసి, తడిగుడ్డ నా ముక్కుకి కట్టింది. అక్కకి మూడుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. నాలుగోసారి తప్పు నంబరు నొక్కి, మళ్లీ మొదలుపెట్టింది. నేను నీళ్లు చల్లే మిషతో అక్క గదిలోకి వెళ్లిపోయాను.

గోనెగుడ్డ ఎత్తాను. నల్లటి ముక్క, బూడిదరంగు ముక్క, పసుపు ముక్క, మళ్లీ బూడిద, మళ్లీ పసుపు. ఒక పద్ధతీ పాడూ లేదు అనిపించింది. బయట చప్పుళ్లు ఆగడం లేదు. నా చేతులు వాటంతట అవే పనిలో పడ్డాయి. నల్లటి బొగ్గంతా పై వరుసల్లో, పసుపు ఇసుకరాయి మధ్యలో, బూడిదరంగు మన్ను ముక్కలన్నీ కింద ఒకచోట పెట్టాను. చెక్క దిమ్మెల్ని తీసి అంకెల క్రమంలో ఒక మూల నిలబెట్టాను. సర్దడం పూర్తయ్యేసరికి నా గుండె నెమ్మదించింది.

అక్క వచ్చింది. కళ్లు ఎర్రగా ఉబ్బాయి, ఒక కాలికి చెప్పు లేదు, రిజిస్టరు మాత్రం చున్నీలో చుట్టి గుండెకి హత్తుకుంది. పెట్టె చూసి నిలబడిపోయింది.

"గిదేంది?"

"సర్దానక్కా" అన్నాను. ఆ ఒక్క క్షణం గర్వంగానే ఉంది నాకు.

ఆమె పెట్టె ముందు కూర్చుంది. "నాలుగు పెట్టెలు సర్దినవా?"

"ఒకటే. రెండోది."

"మన్నున్న పెట్టె గా ఒక్కటే గదరా, నాకు గావాల్సింది" అని కళ్లు మూసుకుంది. ఏ లోతులో ఏముందో చెప్పే వరుసనే చెరిపేశానని నాకు అప్పుడు అర్థమైంది. ఏడుపు మొదలెట్టాను. ఆమె లేచి మొహం కడుక్కుని వచ్చి, "ఏడ్సుడు తర్వాత. ముందుగాల గిటు కూసో" అంది.

ఆ సాయంత్రం దాకా ఆమె నాకు నేర్పిన పని నేను మరిచిపోలేదు. రాతి కడ్డీ విరిగిన చోట రెండు వైపులా గరుకు ఒకలాగే ఉంటుంది. రెండు ముక్కల్ని దగ్గరకు పెట్టి మెల్లగా తిప్పుతూ పోతే, జోడీ కుదిరినప్పుడు 'టక్' మని పట్టుకుంటాయి. కుదరకపోతే బలవంతం చేయకూడదు, పక్కన పెట్టేయాలి. మొత్తం ముప్ఫై ఒక్క ముక్కలు. ఇరవై ఎనిమిదింటికి వరుస దొరికింది. దిమ్మెలు వెనక్కి వెళ్లాయి. మిగిలినవి మూడు. మూడూ బంకమన్నువే. ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు నా చేతుల్లోనే వాటి కొసలు అరిగి నున్నగా అయిపోయాయి. వాటి పక్కన ఉండే ఇసుకరాయి ముక్కల కొసలూ రాలిపోయాయి, కాబట్టి ఆ ముక్కల్ని అటూ ఇటూ జరిపితే మన్నుకు మిగిలే మూడు ఖాళీలు పక్కపక్కనే రావచ్చు, విడివిడిగానూ రావచ్చు. మూడూ పక్కపక్కనే ఉంటే ఒక మందపు పొర. నడుమ ఇసుకరాయి వస్తే మూడు పలచటి పొరలు. ఎటు పేర్చినా పెట్టెలో సరిపోయేవి.

"విడివిడిగా పెట్టెయ్ అక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆమె ఇల్లు మిగిలిపోతుందని, నా తప్పు కూడా అందులో కలిసిపోతుందని.

ఆమె నా వైపు చూడలేదు. మూడింటినీ తీసి విడివిడిగా పెట్టింది. దూరం జరిగి చూసింది. చాలా అందంగా కుదిరింది. "అవ్, ఎవలికి తెల్వదు" అని తనలో తాను అంది. పెన్సిల్ రిజిస్టరు మీద ఆనించి అలాగే ఉండిపోయింది. అమ్మ అన్నానికి పిలిచింది, మళ్లీ పిలిచింది. నేను పెన్సిల్ మొననే చూస్తున్నాను.

చివరికి ఆమె మూడు ముక్కల్నీ బయటికి తీసి విడిగా ఒక గుడ్డలో చుట్టింది. "రేపు గని తెరిస్తే గా గోడ కిందికెళ్లే మా అన్న బండి పోయేది, అది జారితే?" అంది, నాకేదో సమాధానం చెప్పాల్సి ఉన్నట్టు. రాసిందాన్ని నాకు చదివి వినిపించింది. ఫలానా లోతు నుంచి ఫలానా లోతు వరకు మూడు ముక్కల వరుస తెలియదు, పెట్టె చెదిరింది.

"నేనని రాశావా?"

"నువ్వని ఎందుకు రాస్త? గది నాది, పెట్టె నాది."

రెండు రోజుల తరువాత నన్ను కూడా క్యాంపస్‌కి తీసుకెళ్లింది. గేటు దగ్గర ముళ్లకంచె, రోడ్డంతా రాళ్లు. ఆమె సార్ ఆ పేజీ చదివి, పెట్టె ఎలా చెదిరిందని అడిగాడు. అక్క నోరు తెరిచేలోపే, "నేనే రంగుల వారీగా సర్దాను సార్" అనేశాను. ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "నీకొచ్చిన ఆలోచన భూమికి రాలేదురా అబ్బాయ్" అన్నాడు. పాత బోరు పక్కనే మళ్లీ బోరు వేయాలని, బంద్‌లు తగ్గి దారులు తెరుచుకునేదాకా యంత్రం కదలదని చెప్పి, ఆమె రాసిన వాక్యం కింద సంతకం పెట్టాడు. ఆమె పరిశోధన కొన్ని నెలలు వెనక్కి పోయింది.

ఆ నెలలు నేను సరిగ్గా నిద్రపోలేదు. నా బుర్రకి ఒక పిచ్చి లెక్క పట్టుకుంది. మన్నంతా ఒకచోటికి చేర్చింది నేను. దాంతో భూమిలోపల కూడా అది ఒకచోటికి చేరిపోయి ఉంటే? కాదని నాకు తెలుసు. అయినా రాత్రి పడుకోబోయే ముందు నా పెన్సిళ్లను చెల్లాచెదురుగా పడేసి పడుకునేవాణ్ణి.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం అక్క ఊరి నుంచి వచ్చింది. సంచీ ఇంకా భుజానే ఉంది, తన గది తాళం తీయకుండానే మా గుమ్మంలోకి వచ్చి నన్ను పిలిచింది.

"కొత్త బోరుల ఒక్కటే పొర అచ్చింది తమ్మీ. గింత మందం" అని అరచేతి నుంచి మోచేయి దాకా చూపించింది. "నువ్వు సర్దినందుకు గాదురా. అది మొదటికెళ్లే గట్లనే ఉండె. నువ్వు పరేషాన్ గాకు."

నేను గట్టిగా ఊపిరి వదిలాను. నెలల తరబడి గుండెల మీదున్న బరువు దిగిపోయి, నా మొహం విప్పారింది. ఆమె అది చూసింది. చూసి నా తల నిమిరింది. వాళ్ల ఇల్లు గీత లోపలికి వెళ్లిపోయిందన్న సంగతి ఆ తరువాతే నా తలకెక్కింది.

"నీ తాన ఒక లిస్టుండె గదా, ఇల్లు ఖాళీ జేసేటప్పుడు తీస్కపోయేటియి" అంది. "ఒకసారి ఇయ్యరాదు? మా అమ్మకు అన్నీ యాదికుండయి."

నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ చింపి ఇచ్చాను. ఆమె పన్నెండోది కొట్టేయబోయి, ఆగి, అలాగే మడిచి సంచీలో పెట్టుకుంది.

రాష్ట్రం వచ్చింది. మమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పొమ్మనలేదు. ఆ జాబితా అవసరం మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు నేను కట్టడాల కింద మట్టిని పరీక్షించే చోట ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నేను తయారు చేసే ప్రతి పట్టికలోనూ చివర 'తెలియదు' అని ఒక గడి ఉంటుంది. అది ఎందుకని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. ఒక అక్క నేర్పిందని చెబుతాను, అది నిజమే. వాళ్లకి చెప్పనిది ఒకటుంది. ఇల్లు పోయిన కబురు తెలిశాక, భుజం మీది సంచీ కూడా దించకుండా ఆమె ముందుగా వచ్చింది నా భయం తీర్చడానికి. అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఈనాటికీ ఏదైనా గండం నాది కాదని తేలి గుండె తేలికైనప్పుడల్లా, అది ఎవరిదో కనుక్కోకుండా కుర్చీలోంచి లేవలేను.