పెద్దబాపు చేతిలో చెప్పులు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గడీ ముందునుంచి ఎవరూ చెప్పులేసుకుని నడిచేవాళ్ళు కాదు. అప్పటి నిజాం రాజ్యంలో, ఇబ్రహీంపట్నం పక్క పల్లె మాది. దొర గడీ కనబడగానే మగవాళ్ళు చెప్పులు విడిచి చేతబట్టుకునేవారు, దాటాక మళ్ళీ తొడుక్కునేవారు. మా ఆడపిల్లలకు అసలు చెప్పులే లేవు కాబట్టి ఆ బాధా లేదు.

రజాకార్ల భయంతో మా బడి మూతపడింది. బాపు లేని నన్ను సాకింది మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. సరిహద్దు అవతల, ఇండియన్ యూనియన్‌లో నన్ను చదివించాలని ఆయన పట్టుబట్టాడు. పదకొండేళ్ళ ఆడపిల్లను పరాయి దేశం పంపుతావా అని ఇంటిల్లిపాదీ ఆయన మీద లేచారు. ఆయన వినలేదు. కొంత బండి మీద, ఎక్కువ కాలినడకన, సడక్ ఎక్కకుండా జొన్నచేల గట్ల వెంట తీసుకుపోయాడు. సరిహద్దు దాటాక తన మూటలోంచి కొత్త చెప్పుల జత తీసి, కింద కూర్చుని, నా కాళ్ళకు తానే తొడిగాడు.

"ఈడ ఎవ్వడు అడగడు బిడ్డా, ఏస్కొని నడువు" అన్నాడు.

నేను చేరిన పట్నంలో మా హాస్టల్ పంతులమ్మకు ఒక అలవాటుండేది. ఒక శనివారం మ్యూజియం, మరుసటి శనివారం కాలవగట్టు వెంట పొలాల్లో నడక. తిరిగొచ్చాక ఏం చూశామో నోటుపుస్తకంలో అరపేజీ రాసివ్వాలి. నడకల్లో నన్ను మించినవాళ్ళు లేరు. ఏ చేలో ఏ పైరుందో అందరికంటే ముందు నేనే చెప్పేదాన్ని. మ్యూజియంలో మాత్రం నోరు విప్పేదాన్ని కాదు, తెలియనివి నా యాసలో అడిగితే తోటి పిల్లలు నవ్వేవారు. నాలుగు నెలల్లో వాళ్ళ మాట పట్టేశాను. అదేదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

ఒక శనివారం మేము మ్యూజియం గేటు దగ్గర వరసకట్టి ఉండగా పెద్దబాపు వచ్చాడు. ముందు హాస్టల్‌కు పోతే ఇక్కడున్నామని చెప్పారట. గొంగడి భుజాన, సద్దరొట్టెల మూట చేతిలో. ఆ మ్యూజియం ఒకప్పటి జమీందారు బంగళా. అంతెత్తు స్తంభాలు, తలపాగా చుట్టిన జవాను. ఆ వాకిలి చూడగానే ఆయన చెప్పులు విడిచి చేతబట్టుకున్నాడు, నడుం వంచి జవానుకు దండం పెట్టాడు. నా వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

ఎవరాయన అని పంతులమ్మ నన్నే అడిగింది. నా తల కొట్టేసినట్టయింది.

"మా ఊరాయనండి" అన్నాను.

ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. విన్నాడు. పంతులమ్మ ఆయన వైపు తిరిగితే, ముఖంలో ఏమీ కనబడనీయకుండా, "అవ్ తల్లీ, ఆమె ఊరోన్నే. జర చూసి పోదమని వచ్చిన" అన్నాడు.

పంతులమ్మ ఆయన్ను లోపలికి రమ్మంది. చెప్పులు వేసుకోవచ్చని చెప్పింది. ఇంత పెద్దింట్లో ఎట్లా వేసుకునేదని ఆయన వెనక్కి తగ్గాడు. అప్పుడు ఆమె తన చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుని ఆయన పక్కన నడిచింది. నవ్విన పిల్లలు నవ్వు ఆపి ఒక్కొక్కరే చెప్పులు తీశారు. నేనూ వంగాను. పెద్దబాపు నా భుజం పట్టి ఆపాడు.

"నువ్వు ఇడువకు బిడ్డా" అన్నాడు మెల్లగా. "గిందుకే గద నిన్ను గింత దూరం తెచ్చింది."

ఆ పూట అన్ని గదుల్లోనూ చెప్పుల చప్పుడు నా ఒక్కదానిదే. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. ఒక్క బొమ్మ చూసినట్టు కూడా గుర్తులేదు. అయినా ఆ సాయంత్రం రాతిబొమ్మల మీద అరపేజీ చక్కగా రాసిచ్చాను. పంతులమ్మ దాని కింద, "ఇంకేమీ చూడలేదా?" అని రాసి తిరిగిచ్చింది. నేను జవాబు రాయలేదు.

పోలీసు యాక్షన్ అయ్యాక ఇంటికొచ్చేసరికి గడీకి తాళం పడింది. పెద్దబాపు దాని ముందునుంచి చెప్పులతోనే నన్ను తీసుకుపోయాడు. ఆ రోజు సంగతి ఎత్తి, తప్పయిందని చెప్పాలని దారంతా అనుకున్నాను. ఆయన వానల గురించి మాట్లాడాడు. నేనూ వానల గురించే మాట్లాడాను. ఆ తర్వాత ఆయన ఇంకా పాతికేళ్ళు బతికాడు. ఏ ఒక్కరోజైనా ఆ మాట చెప్పగలిగేదాన్ని, చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఎనభై ఎనిమిదేళ్ళు. నా వెంట ఉన్నది ఎవరైనా సరే, ఎవరని అడగకముందే వరస చెప్పేస్తాను. మనవలు నవ్వుతారు, ముసల్దానికి తొందరెక్కువని. నవ్వనీ. ఆ నోటుపుస్తకం ఇంకా నా పెట్టెలో ఉంది, పంతులమ్మ ప్రశ్న కింద ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది.

చూశాను పంతులమ్మగారూ. చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డ ఒకాయన్ను చూశాను. ఆయన మా పెద్దబాపు.