కూర్చుని నడిచిన గౌస్

గౌస్ ముప్పై మూడేళ్లు నడుస్తూనే డ్రమ్ము వాయించాడు. ఖమ్మంలో బ్యాండుమేళం పని అంటే బరాత్, బరాత్ అంటే నడక. డ్రమ్ము మెడకు తగిలించుకుని పెళ్లికొడుకు కారు ముందు నడుస్తుంటే, కారు వెనకబడిందో దగ్గరికొచ్చిందో తిరిగి చూడకుండానే తెలిసేది ఆయనకి. చెప్పులు అరిగిపోయేవి, కర్రలు విరిగిపోయేవి, లయ మాత్రం తప్పేది కాదు. అయినా అన్ని పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే మాస్టరు పేరు అడిగినవాళ్లున్నారు గానీ, డ్రమ్ము ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

ఎనభై ఏడులో సత్తుపల్లి నుంచి బసవపున్నయ్య వచ్చాడు. ఆయనకు క్యాసెట్ల దుకాణం ఉంది. నాలుగు ఊళ్ల మేళాల్లో ఆరితేరినవాళ్లను ఒక్కచోట చేర్చి, సొంత పాటలు కట్టించి, మూడు ఊళ్లు తిప్పాలని ఆయన ఆలోచన. జనం ముందు వాయించిందే రికార్డు చేసి, ఈలలతో చప్పట్లతో సహా క్యాసెట్ వేస్తాడట. మధిర నుంచి పాడటానికి ప్రమీలారాణి, ములకలపల్లి నుంచి ఎలక్ట్రిక్ గిటారుకు ధన్‌సింగ్, కొత్తగూడెం నుంచి కీబోర్డుకు పోతయ్య. డ్రమ్ములకు గౌస్.

"క్యాసెట్ అట్టమీద నలుగురి పేర్లూ వేస్తాను" అన్నాడు బసవపున్నయ్య. గౌస్ ఇంకేమీ అడగలేదు. యాభై ఆరేళ్ల వయసులో తన పేరు అచ్చులో చూసుకోవచ్చు. అంతే చాలనుకున్నాడు.

ప్రమీలారాణికి తోడుగా ఒక ఆడమనిషి కావాలంటే, గౌస్ తన కూతురు షాకేరాను వెంట తీసుకెళ్లాడు. ఆ పిల్ల స్టేజీ పక్కన చాప మీద కూర్చుని, పాటగత్తె సంచికి కాపలా కాసేది. ఒక్కరితోనూ మాట్లాడేది కాదు. చూస్తూ ఉండేది.

మొదటి ప్రోగ్రాం సత్తుపల్లిలో. కూర్చుని కాళ్లతో చేతులతో వాయించే కొత్త డ్రమ్ముల జాజ్ సెట్టు వెనక, గౌస్ స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి పాట బాగానే మొదలైంది. సగానికి వచ్చేసరికి వేగం పెరిగింది. రెండో పాట ఇంకా ఉరికింది. తర్వాత ములకలపల్లిలో అయిదు నిమిషాల పాట మూడున్నరకే అయిపోయింది. టేపు వేసి వినిపిస్తే అందరూ తలలు దించుకున్నారు.

"గౌస్ భాయ్, మనకేమైనా బస్సు తప్పిపోతుందా?" అన్నాడు బసవపున్నయ్య.

"చరణం మధ్యలో ఊపిరి పీల్చుకుందామంటే సందివ్వరేం బాబాయ్?" అంది ప్రమీలారాణి. నవ్వుతూనే అంది గానీ గొంతు పోయి ఉంది.

బసవపున్నయ్య గౌస్‌ను పక్కకు పిలిచాడు. "ఇక మిగిలింది దుమ్ముగూడెం ఒక్కటే. అక్కడా ఇట్టాగే అయితే బెజవాడ నుంచి ఒకతన్ని పిలిపించి స్టూడియోలో మళ్లీ తీస్తాను. అట్టమీద అతని పేరే పడుద్ది. ఏమీ అనుకోకు."

"అనుకోను పున్నయ్యగారూ" అన్నాడు గౌస్. ఆ పూట అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచాడు.

దుమ్ముగూడెం ఇంకో రెండు మైళ్లుందనగా వ్యాను టైరు పంచరైంది. ఆ రోజు అక్కడ సంత. "ఊరికే నడిచేదేముంది, ప్రోగ్రాం ఉందని చెప్పుకుంటూ పోదాం" అన్నాడు ధన్‌సింగ్. గౌస్ చిన్న డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. గోదావరి పక్క రోడ్డు వెంట వాయిస్తూ నడిచాడు. ప్రమీలారాణి పాట అందుకుని మొత్తం పాడింది. ఎక్కడా ఆయాసపడలేదు.

సంత దగ్గర టీ తాగుతుంటే షాకేరా మెల్లగా పక్కకు వచ్చింది.

"అబ్బాజాన్, నడిచేటప్పుడు నువ్వు ఉరకవు. కూసున్నప్పుడే ఉరుకుతవ్."

"గిదేం మాట?"

"అవ్. స్టేజీ మీద నీ కుడికాలు ఒక్కటే నడుస్తది. ఎడమకాలు స్టూలు కిందికి ముడుచుకుంటవ్. ఒంటికాలుతోని పోయేటోడు గెంతక ఏం జేస్తడు?"

గౌస్ గ్లాసు కింద పెట్టాడు. నిజమే. కుడికాలు కింద పెద్ద డ్రమ్ము పెడల్ ఉంది. ఎడమకాలు కింద ఇత్తడి తాళాల పెడల్. అది కిర్రుమంటుంది, టేపులోకి ఎక్కుతుంది, దాన్ని ముట్టుకోవద్దని బసవపున్నయ్య మొదటిరోజే చెప్పాడు. అప్పటి నుంచి ఆ కాలు కదలలేదు.

షాకేరా బియ్యం అమ్మే ఆయన దగ్గర ఖాళీ గోనెసంచి అడిగి తెచ్చింది. అపరిచితుణ్ని నోరు తెరిచి ఏదైనా అడగడం ఆ పిల్లకు అదే మొదలు. వ్యాను వచ్చి స్టేజీ మీద సెట్టు అమర్చాక, దాన్ని నాలుగు మడతలు వేసి, తాళాల పెడల్ పక్కకు జరిపి, తండ్రి ఎడమకాలు పడేచోట పరిచింది.

నాలుగు గంటలకు బడి ఆవరణలో ప్రోగ్రాం మొదలైంది. గౌస్ చెప్పులు విప్పాడు. కళ్లు మూసుకున్నాడు. ఎడమకాలు గోనె మీద, కుడికాలు పెడల్ మీద. ఎడమ, కుడి. ఎడమ, కుడి. ఖమ్మం స్టేషన్ రోడ్డులో నడుస్తున్నాడు. మొదటి పాటకు ఆ రోడ్డు సగం అయింది. రెండో పాటలో ధన్‌సింగ్ గిటారు మీద వేళ్లు పరుగెత్తించాడు. గౌస్ చేతులు దురద పెట్టాయి. కానీ వెనక పెళ్లికొడుకు కారు ఉంది. దాన్ని వదిలేసి ఎట్లా పోతాడు? నడిచాడు. జనం ఈలలేశారు. ప్రమీలారాణి ఒక చరణం చివరిదాకా లాగి, వెనక్కి తిరిగి కనుబొమలెగరేసింది. ఊపిరి ఇంకా మిగిలిందని.

అయిపోయాక బడి వరండాలో టేపు వేశారు. పాట వస్తోంది, దాని కింద మెత్తగా ఇంకో చప్పుడు. ధబ్... ధబ్...

"ఏందది?" అన్నాడు బసవపున్నయ్య.

షాకేరా గోనెసంచిని వీపు వెనక్కి లాక్కుంది.

"గౌస్ మామ నడుస్తుండు సార్" అన్నాడు ధన్‌సింగ్.

బసవపున్నయ్య టేపు వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు. ఆయన కాలు కూడా నేల మీద ఆడుతోందని షాకేరా ఒక్కతే చూసింది.

"ఉండనీ" అన్నాడు చివరికి. "జనంలో తీసిన క్యాసెట్టేగా, నడక వినపడితే తప్పేంటి? గౌస్ భాయ్, నీ పూర్తి పేరు చెప్పు, అట్టకి రాసుకోవాలి."

"షేక్ గౌస్."

బసవపున్నయ్య రాసుకున్నాడు. అయినా గౌస్ ఇంకోసారి గట్టిగా చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో గౌస్ పెద్ద డ్రమ్ము మీద రెండు కాళ్లూ చాపాడు.

"బాగా లాగుతున్నయ్ బిడ్డా" అన్నాడు. "స్టేషన్ నుంచి ఇల్లెందు క్రాస్‌రోడ్డు దాకా నడిచిన మరి."

"కూసున్నోడివి కూసున్నట్టే ఉంటివి గద, మామా" అన్నాడు ధన్‌సింగ్.

గౌస్ వినలేదు. అప్పటికే గురక పెడుతున్నాడు. షాకేరా గోనెసంచిని మడిచి, తండ్రి మడమల కింద పెట్టింది.