దొర అలిగాడనుకున్నాం

కార్తీక మాసం మొదలైన కొద్ది రోజులకి ఓ ఉదయం మా పిల్లి పెరుగన్నం గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగి వెళ్ళి కుర్చీ కింద పడుకుంది. మేం ముగ్గురం చూసి నవ్వుకున్నాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే జబ్బు బయటపడిన రోజు అదే.

పిల్లి పేరు దొర. బూడిద రంగు, గుండ్రటి మొహం, ఎత్తుకుంటే మనకి ఆయాసం వచ్చేంత ఒళ్ళు. పేరు మా అత్త పెట్టింది. పిలిస్తే రాడు. తనకి బుద్ధి పుట్టినప్పుడు వస్తాడు. వచ్చాక కుర్చీలో ఉన్న మనిషిని లేపి మరీ అందులో కూర్చుంటాడు. మా ఇంట్లో పిల్లిని 'అది' అని ఎవరూ అనరు, 'వాడు' అనే అంటారు. నేనూ అలాగే రాస్తాను, సర్దుకోండి.

మేముండేది పెందుర్తిలో ఓ కాలనీలో. నేను దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన సత్యం పోర్టులో క్రేన్ ఆపరేటర్. మా అత్తది శ్రీకాకుళం వైపు పల్లె. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చేసింది. మాకు పిల్లల్లేరు. ఇంట్లో గారాబమంతా ఎవరి వాటాకి వెళ్ళిందో వేరే చెప్పక్కర్లేదు.

ఏడాదంతా దొరకి చేపలే తిండి. వీధిలోకి చేపల బుట్టతో వచ్చే నూకమ్మ దగ్గర మా అత్త కవళ్ళో నెత్తళ్ళో తీసుకుని, వాడి కోసమని కొన్ని ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి అన్నంలో పిసికి పెడుతుంది. కార్తీకంలో మాత్రం మా గడప లోపలికి నీసు రాదు. నెల మొదలయ్యే ముందురోజే పొయ్యి, గిన్నెలు, గట్టు అన్నీ తోమి కడిగేస్తుంది. సోమవారాలు చుక్క కనబడేదాకా ఉపవాసం, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ సంగతి గొప్పగా చెబుతుంది. ఆ నెల్లాళ్ళూ దొరకి కూడా పెరుగన్నమే. కిందటేడు ఒక రోజంతా మూతి ముడుచుకుని, మర్నాడు గిన్నె అడుగు నాకేశాడు. ఈసారీ అదే కథ అనుకున్నాం.

"అలిగినాడమ్మా దొరగారు," అంది మా అత్త. "ఆకలేస్తే ఆడే తింటాడు. ఈ గుంటడి కోసరం నాను కార్తీకం ఒగ్గీయాలేటి?"

మర్నాడూ తినలేదు. పాలు పోస్తే రెండుసార్లు నాలుక ముంచి ఆపేశాడు. ఆ తర్వాతా అంతే. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏటి, దొర సమ్మె ఇరమించినాడా?" అని అడిగేవాడు. "యాజమాన్యం ఇంకా దిగిరాలేదు," అని నేను మా అత్త వైపు చూసేదాన్ని. ఆమె కూడా నవ్వేది. ఆ జోకులు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మధ్యలో మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీసింది. మామూలుగా అయితే ఆ ఘాటుకి మేమే వీధిలోకి పరిగెడతాం. దొర మాత్రం కదల్లేదు. అది చూసైనా మాకు వెలగాల్సింది. వెలగలేదు.

ఒక ఆదివారం ఉదయం మా అత్త గుడికి వెళ్ళింది. ఆమె లేని టైము చూసుకుని నేను నూకమ్మని పిలిచి గుప్పెడు నెత్తళ్ళు అడిగాను.

"మీ అత్త సూసిందంటే నన్ను మల్లీ ఈ ఈదిలోకి రానీదమ్మా," అంది నూకమ్మ.

"ఇంట్లోకి తేవడం లేదు కదా, గేటు బయట పెడదాం," అన్నాను.

ఆమె ఓ కాగితం పరిచి పెట్టింది. దొర వచ్చాడు. నడక తడబడుతోంది. చేపల మీదికి వంగి వాసన చూశాడు. నోట్లోంచి చొంగ కారింది, పెదాలు నాక్కున్నాడు. తింటాడనుకున్నాను. ఒక్కటి కూడా ముట్టుకోకుండా మొహం పక్కకి తిప్పేసి, అక్కడే గేటు పక్కన కూలబడ్డాడు.

"ఇదేటమ్మా, పచ్చి నెత్తళ్ళు ఒగ్గీసినాడు!" అంది నూకమ్మ.

పెరుగన్నం మీద అలిగిన పిల్లి చేప మీద ఎందుకు అలుగుతుంది? అంతవరకూ మేం చెప్పుకున్న కథంతా ఆ కాగితం ముందు చెదిరిపోయింది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామని బట్టల బుట్టలో తువ్వాలు పరిచి వాణ్ణి పడుకోబెడుతుంటే మా అత్త గుడి నుంచి వచ్చింది. గేటు దగ్గర చేపలు చూసింది, బుట్టలో దొరని చూసింది. "పద, నానూ వత్తాను," అని ఆటోలో ఎక్కి బుట్ట తన ఒళ్ళో పెట్టుకుంది. ఇంతకుముందు టీకాలకి తీసుకెళ్ళినప్పుడు సిటీ చేరేదాకా దొర ఆటో కప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఆ రోజు చడీచప్పుడూ లేదు.

డాక్టర్ చిన్న వయసు అమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఎప్పటి నుంచి తినడం లేదని అడిగింది. మా అత్తే జవాబు చెప్పింది.

"అలిగినాడు డాక్టరమ్మా. మా ఇంట కార్తీకం కదా, నీసు లేదని."

డాక్టర్ నవ్వలేదు. దొర చెవి తిప్పి లోపల చూపించింది. గులాబీ రంగులో ఉండాల్సిన చోట పసుపు పూసినట్టుంది. చిగుళ్ళు కూడా అంతే.

"జాండిస్ అండీ," అంది. "పిల్లులు అలిగి ఇన్ని రోజులు తిండి మానవు. వికారం ఉంటేనో, ఎక్కడో నొప్పి ఉంటేనో మానేస్తాయి. ఇంత లావు పిల్లి తినకుండా ఉంటే ఒంట్లో కొవ్వంతా లివర్‌లోకి చేరిపోతుంది. ఫ్యాటీ లివర్ అంటాం."

బ్లడ్ టెస్ట్ చేశారు, స్కాన్ తీశారు. ఒంటికి పసుపు తెచ్చే బిలిరుబిన్ బాగా ఎక్కువగా ఉందన్నారు. కడుపు పక్కనుండే ప్యాంక్రియాస్ దగ్గర కొంచెం వాపు కనబడుతోందన్నారు. "బహుశా అక్కడ మొదలై ఉంటుంది," అంది డాక్టర్. "కానీ ఇప్పుడు దానికన్నా తినకపోవడమే పెద్ద జబ్బు."

అంటే పెరుగన్నానికీ వాడి జబ్బుకీ సంబంధమే లేదు. వేరే నెలలో వాడు చేప వద్దని ఉంటే ఆ రోజే కంగారుపడేవాళ్ళం. కార్తీకం కావడం వల్ల మాకో కారణం సిద్ధంగా దొరికింది. దాంతో సరిపెట్టుకున్నాం.

రోజూ సెలైన్, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్. ఇంటి దగ్గర సిరంజితో కొంచెం కొంచెం పెట్టమని మెత్తటి మాంసం డబ్బాలు ఇచ్చారు. డబ్బా మీద కోడి బొమ్మ ఉంది. దాన్ని పట్టుకుని నేను గడప దగ్గర ఆగిపోయాను. మా అత్త నా చేతిలోంచి తీసుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళి పెట్టింది. "దేవుడికి నాను సెప్పుకుంటాను, నువ్వు రా," అంది.

ఆమె తువ్వాల్లో చుట్టి పట్టుకుంటే నేను దవడ పక్క నుంచి సిరంజి పెట్టేదాన్ని. పళ్ళు బిగించేవాడు. సగం మా బట్టల మీద పడేది, మిగిలింది కాసేపటికి కక్కేవాడు. రెండు మూడు రోజులకే సిరంజి కనబడితే మంచం కిందికి దూరడం మొదలెట్టాడు. వాడు మమ్మల్ని చూసి దాక్కోవడం అన్నిటికన్నా బాధనిపించింది. మా చేతి తిండి తిని పెరిగిన పిల్లికి మా చేతులే భయమైపోయాయి.

"బలవంతం ఆపేయండి. ఇలా చేస్తే తిండంటేనే అసహ్యం పుడుతుంది. ట్యూబ్ వేద్దాం," అంది డాక్టర్.

ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేసి, పీక్కోకుండా మెడకి ప్లాస్టిక్ కాలర్ కట్టారు. పలచటి తిండి గంటల లెక్కన అందులోంచి పంపాలి. నేను స్కూలుకి వెళ్తే మా అత్త, ఆమె నిద్రపోతే మా ఆయన. ఒక సాయంత్రం దొర కాలర్‌తోనే కుర్చీ ఎక్కాడు. "ఓలమ్మో, లెగిసినాడే!" అని మా ఆయన గట్టిగా అరిచాడు. ఇక గండం గడిచిందని నేనూ నమ్మాను.

మర్నాడు పెద్ద వాంతి అయింది. దాంతోపాటు ట్యూబ్ కూడా వచ్చేసింది. మళ్ళీ వేయించాం. ఈసారి పంపిన తిండి కడుపులో నిలవలేదు. వాడికి మెడ నిలబెట్టే సత్తువ పోయింది. గడ్డం నేలకి ఆనించి, కళ్ళు తెరిచి అలా పడి ఉండేవాడు. చెవుల పసుపు తగ్గకపోగా ఇంకా చిక్కబడింది.

ఆ మధ్య వచ్చిన సోమవారం నేను స్కూలు నుంచి వస్తుంటే వీధి మలుపులోనే చేపలు ఉడుకుతున్న వాసన వచ్చింది. కార్తీక సోమవారం పూట ఎవరింట్లో అబ్బా అనుకుంటూ వచ్చాను. మా ఇంట్లోనే. కడిగి ముగ్గు పెట్టుకున్న పొయ్యి మీద మా అత్త నెత్తళ్ళు ఉడకబెట్టింది. పొద్దుట నుంచి ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు.

"అత్తా, ఇదేమిటి?" అన్నాను.

"నా ఉపాసం నాది. ఆడికెందుకు ఉపాసం?" అంది. నేల మీద కూర్చుని ముళ్ళు తీసి ఒక్కో ముక్కా వాడి మూతి దగ్గర పెడుతోంది. "తిను నాయినా, ఒక్క ముక్క తిను. నువ్వే గెలిసినావు. నానే ఓడిపోనాను. తినీరా."

దొర మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. అది అలక కాదని డాక్టర్ చెప్పాక కూడా, అలకే అయితే బాగుండునని ఆమె ఆశ. నాకూ అదే ఆశ. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ సాయంత్రం ఆమె దీపం పెట్టలేదు, చుక్క కోసం చూడలేదు, అన్నం తినలేదు.

తర్వాత తీసుకెళ్ళినప్పుడు డాక్టర్ బల్ల మీద దొర తల నిమురుతూ, "లివర్ కోలుకోవడం లేదండీ. అడ్మిట్ చేసుకుని ఇంకా ప్రయత్నించొచ్చు. కానీ ఆశ ఉందని మాత్రం నేను చెప్పలేను," అంది.

"బాధుంటాదా మేడం?" అని మా ఆయన అడిగాడు.

"వికారం ఉంటుంది. నీరసం ఉంటుంది."

ఆయన నా వైపు చూశాడు. నేను మా అత్త వైపు చూశాను. "ఇంటికి తీసుకుపోదాం. సాలు," అంది ఆమె.

ట్యూబ్ తీయించి తీసుకొచ్చాం. మర్నాడు ఉదయం ఎండ వాకిట్లోకి వచ్చే వేళకి మా అత్త ఒళ్ళోనే పోయాడు. మా ఆయన పెరట్లో గొయ్యి తవ్వాడు.

మిగిలిపోయిన డబ్బాలు వేరే పిల్లికి పనికొస్తాయని వారం తర్వాత క్లినిక్‌కి వెళ్ళి ఇచ్చాను. అసలు వెళ్ళింది ఒక ప్రశ్న అడగడానికి. ముందే తెచ్చి ఉంటే?

డాక్టర్ డబ్బాలు బల్ల మీద పెట్టింది. "మొదట్లోనే తెచ్చి ట్యూబ్ వేసి ఉంటే... ఇలాంటి వాటిలో చాలావరకు కోలుకుంటాయండీ," అంది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గేటు పట్టుకుని నిలబడి ఉంది. నేను ఎందుకు వెళ్ళానో ఆమెకి తెలుసు.

"ఏటన్నాది డాక్టరమ్మ? ముందే తీసుకెల్తే బతికీవోడేటి?"

"లేదత్తా," అన్నాను. "ఎప్పుడు తీసుకెళ్ళినా ఇంతేనట."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "పోన్లే," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడాది అయింది. మా ఇంట్లో ఇప్పుడు పిల్లి లేదు. తెచ్చుకుందామని మా ఆయన ఒకసారి అన్నాడు, మా అత్త వినిపించుకోలేదు. ఈసారీ కార్తీకం చేస్తోంది. కానీ ఉపవాసం గురించి ఇంటికొచ్చిన వాళ్ళకి గొప్పగా చెప్పుకోవడం మానేసింది. నేను నేర్చుకున్నదీ మీకు చెప్పగలిగిందీ ఒక్కటే. మీ పిల్లి ఒక రోజంతా తిండి ముట్టుకోకపోతే దానికి కారణాలు మీరు కల్పించకండి. చెవుల్లో పసుపు కనబడేదాకా ఆగకండి. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. తీరా వెళ్ళాక ఏమీ లేదని వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

మా అత్తకి చదువు రాదు. సాయంత్రాలు మా ఆయన ఆమెకి పత్రికలు చదివి వినిపిస్తుంటాడు. ఇది అచ్చయితే ఈ పేజీ మాత్రం చదవొద్దని ఆయనకి ముందే చెప్పాను. ఆమెతో అనలేని మాట మీతో అంటున్నాను. దొర బతికేవాడు.