జీడి చేతికి దెబ్బ లేదు

నిన్న ఆదివారం సాయంత్రం వంటింటి గడప దగ్గర చిన్నమావతో చేతులాట ఆడుతూ మా అబ్బాయి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని, జారిపోతున్న చేతిని మళ్ళీ తన అరచేతుల మీదికి లాక్కున్నాడు. వాడు వదిలేశాక కూడా వాడి బొటనవేలు నొక్కిన చోట చిన్న గుంట అలాగే ఉండిపోయింది. కూరలో వేయబోతున్న ఉప్పు చేతిలోనే పట్టుకుని, ఆ గుంట ఎప్పుడు పూడుతుందా అని చూస్తూ నిలబడ్డాను. పూడలేదు. నా భయం అక్కడ మొదలైంది.

చిన్నమావ మా అమ్మకి ఆఖరి తమ్ముడు. యాభై నిండకుండానే మా పిల్లలు తనని తాతని చేసేశారని కనిపించిన వాళ్ళందరికీ ఫిర్యాదు చేస్తుంటాడు. నా చిన్నతనంలో ఒక తుఫానుకి కరెంటు స్తంభాలన్నీ ఒరిగిపోయి, అక్కుపల్లి దగ్గర అమ్మమ్మ ఇంట్లో రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు ఈ ఆట నేర్పింది ఆయనే. నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకరు అరచేతులు చాపాలి, రెండోవారు వాటిమీద తమ చేతులు బోర్లించాలి. కిందివారు చటుక్కున చెయ్యి తీసి పైచేతి మీద కొట్టాలి. తగిలినంతసేపూ కొట్టేవాళ్ళదే రాజ్యం, తప్పితే చేతులు మారతాయి. పెరట్లో కూలిన కొబ్బరిచెట్ల తడి వాసన, కిరసనాయిలు దీపం, చట్ చట్‌మని దెబ్బలు. ఆ తుఫాను గురించి నాకు మిగిలింది ఇంతే. పెద్దవాళ్ళకి మిగిలింది వేరే అని తర్వాత తెలిసింది.

మావ అప్పటికే పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేవాడు. తొక్కలోని నూనె తగిలి ఆయన చేతులు నల్లబడి, అప్పుడప్పుడు పొక్కి వాచిపోయేవి. అందుకని మా ఇంట్లో ఈ ఆటకి ఎక్కడా లేని నియమం ఒకటి పుట్టింది. చేతికి జీడి కాలినవాళ్ళు "జీడి" అంటే చాలు, ఆట ఆగిపోవాలి. మావ దాన్ని ఎంత వాడుకున్నాడంటే, ఓడిపోయే సమయానికే ఆయన చెయ్యి కాలేది. "మాయదారి జీడి, నీకొక్కడికే కాల్తాదేట్రా?" అని అమ్మమ్మ అరిచేది.

నిన్న కూడా నేను చెయ్యి చూడబోతే అదే మాట అన్నాడు. "జీడమ్మా, జీడి. ముట్టుకోకు."

"జీడెక్కడిది మావా? పని మానేసి రెండు నెల్లు దాటిపోనాది కదా."

మావ చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. మా అబ్బాయి "తాతా, నీ వంతు" అన్నాడు.

పొద్దున్న లేవగానే పిల్లల కళ్ళ కింద ఉబ్బిందేమోనని చూడటం నాకు అలవాటు. వాళ్ళ నీళ్ళసీసాల గురించి నేను పడే ఆరాటం చూసి మా ఆయన నవ్వుతాడు. అంత చూసుకునేదాన్ని, ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చునే మనిషి చేతులు చూడలేదు. ఇంటింటా కిడ్నీ జబ్బున్నా, మా ఉద్దానంలో చెయ్యి వాస్తే కిడ్నీ అన్న మాట ముందుగా ఎవరూ అనరు. ఎండ అంటారు, ఉప్పుచేప అంటారు, మా ఇంట్లో అయితే జీడి. మా పెద్దమావకీ మొదట్లో జీడే అనుకున్నాం. డయాలసిస్ మొదలయ్యేదాకా అలాగే అనుకున్నాం.

"పరీక్షకి ఎల్దాం మావా" అన్నాను.

"ఎల్తే లేని రోగం రాసిత్తారే. ఎల్లకపోతే నాను బాగానే ఉన్నట్టు."

స్టవ్ ఆపేసి ఆయన ఎదుట కూర్చుని అరచేతులు చాపాను. వరసగా పది దెబ్బలు తగిలితే నాతో రావాలన్నాను. "నీ సేతికి నాను సిక్కాలంటే నువ్వింకో జన్మెత్తాల" అని నవ్వుతూ చేతులు బోర్లించాడు. పిల్లలు లెక్కపెట్టారు. నెమ్మదిగానే కొట్టాను, అయినా ఒక్కటీ తప్పలేదు. ఆఖరి మూడు దెబ్బలకి ఆయన చేతులు కదపనే లేదు. ఓడిపోయాడో, ఓడిపోవాలనుకున్నాడో నేను అడగలేదు. "సర్లే, నడు" అన్నాడు.

ఇవాళ రక్తం ఇచ్చి వచ్చాం. రిపోర్టు రేపు ఇస్తామన్నారు. అందరూ పడుకున్నారు, నాకు నిద్ర రాక ఇది రాస్తున్నాను. రాస్తుంటే పొద్దున్న, రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన మావ స్నానానికి వెళ్ళినప్పుడు, పిల్లలతో అన్న మాటలే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తున్నాయి. తాతకి పరీక్ష చేయించడానికి వెళ్తున్నామని చెప్పాను. రిపోర్టులో ఏముంటుందో నాకూ తెలియదని చెప్పాను. "ఇకనుంచి మన ఇంట్లో జీడి అంటే ఆట ఆగదు. ఎవరి చెయ్యి వాచినా వెంటనే నాకు చెప్పాలి. తాతది చూడటానికి నేను రెండు నెలలు ఆలస్యం చేశాను, మీరు చెయ్యకండి" అన్నాను.